జానెడైనా లేని బోర్డు: గిగాబైట్ బీ550ఐ ఆరస్ ప్రో ఏఎక్స్

నెల్లూరులో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారు మినీ ఐటీఎక్స్ అనే చిన్న కొలత మదర్‌బోర్డు కావాలని దుకాణంలో అడిగితే, సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. ఒకటి, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాలి. రెండోది, అంత డబ్బు పెట్టేటప్పుడు నాలుగు ర్యామ్ స్లాట్లున్న పెద్ద బోర్డే వస్తుంది కదా, ఈ చిన్నది దేనికి? స్లాట్లు, పోర్టులు లెక్కపెట్టుకుని కొనేవారికి ఆ రెండో మాట న్యాయమైనదే. కాని ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను, మెమరీని మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం) మీద మనసున్నవారికి, ముఖ్యంగా మెమరీ టైమింగులు, అంటే ర్యాము స్పందించే వ్యవధులు, తీరిగ్గా సరిచేసుకునే ఓపిక ఉన్నవారికి, చిన్న బోర్డు రాజీ ఎంతమాత్రమూ కాదు. ఆ ఒక్క పనిలో అది పెద్ద బోర్డుల కంటే మెరుగైనది. గిగాబైట్ బీ550ఐ ఆరస్ ప్రో ఏఎక్స్ అందుకు మంచి ఉదాహరణ. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ తరం ముగింపు దశకు చేరినా, చేతిలో డీడీఆర్4 ర్యామ్ ఉండి, కొత్త మెమరీ ధరలు చూసి వెనుకాడుతున్నవారికి ఈ బోర్డు ఇప్పటికీ పరిశీలించదగినదే.

మినీ ఐటీఎక్స్ అంటే 17 సెంటీమీటర్ల చదరం. 2001లో వయా సంస్థ ఈ కొలతను ప్రవేశపెట్టినప్పుడు తక్కువ కరెంటుతో నడిచే చిన్న యంత్రాలను మాత్రమే దృష్టిలో పెట్టుకున్నారు. మామూలు ఏటీఎక్స్ బోర్డు పొడవు 30.5, వెడల్పు 24.4 సెంటీమీటర్లు, అంటే దాని విస్తీర్ణంలో ఐదింట రెండు వంతుల కంటే తక్కువ చోటులోనే ఇక్కడ అన్నీ సర్దాలి. 2020 జూన్‌లో వచ్చిన బీ550 చిప్‌సెట్ మీద కట్టిన ఈ బోర్డులో రెండు డీడీఆర్4 స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డుకు ఒకే ఒక పీసీఐఈ 4.0 స్లాటు, ముందువైపు పీసీఐఈ 4.0 వేగంతో ఒక ఎం.2 (ఎస్‌ఎస్‌డీ స్లాటు), వెనుకవైపు పీసీఐఈ 3.0 వేగంతో మరొక ఎం.2, నాలుగు సాటా పోర్టులు, రెండున్నర గిగాబిట్ల ల్యాన్, వైఫై 6 ఉన్నాయి. మెమరీ గరిష్ఠంగా 64 జీబీ. క్యాప్చర్ కార్డో సౌండ్ కార్డో అదనంగా పెట్టుకోవాలనుకునేవారు ఇక్కడితో చదవడం ఆపి, కొంచెం పెద్దదైన మైక్రో ఏటీఎక్స్ వైపు వెళ్లవచ్చు. రెండో స్లాటు లేదు, దానికి మార్గాంతరం కూడా లేదు.

ఓవర్‌క్లాకింగ్ అనగానే అందరూ ముందు అడిగేది వీఆర్‌ఎం గురించే. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు పైచిలుకుకు దించే విభాగం ఇది. ఈ బోర్డులో కోర్లకు ఆరు, ప్రాసెసర్‌లోని మిగతా భాగానికి రెండు ఫేజులు, అంటే ఆ పనిని పంచుకునే విడి సర్క్యూట్లు, ఉన్నాయి. ఒక్కొక్క ఫేజులోని పవర్ స్టేజీ సామర్థ్యం 90 ఆంపియర్లు. కొనేవారు సాధారణంగా ఫేజుల సంఖ్యను మాత్రమే చూసి, ఎనిమిదేనా అని పెదవి విరుస్తారు. లెక్క వేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. రైజెన్ 7 5800ఎక్స్ గాని, పదహారు కోర్ల రైజెన్ 9 5950ఎక్స్ గాని ఏఎండీ పెట్టిన పరిమితుల్లో నడిచేటప్పుడు మొత్తం 142 వాట్లు, నిలకడగా 95 ఆంపియర్లు, క్షణికంగా 140 ఆంపియర్లు దాటకూడదు. నిలకడగా పారే 95 ఆంపియర్లను ఆరు ఫేజులకు పంచితే ఒక్కొక్కదానికి 16 ఆంపియర్ల వరకే వస్తుంది. 90 అనే అంకె బాగా చల్లబడే ఆదర్శ పరిస్థితుల్లోనిదే అనుకుని సగానికి సగం కోసేసినా, ఇంకా అవసరానికి రెండు రెట్లకు పైగా సామర్థ్యం ఉంటుంది. కాబట్టి గాలి కూలర్‌తో గాని, 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్‌తో గాని నడిపేవారికి ఈ వీఆర్‌ఎం అడ్డం రాదు. అంతకు చాలా ముందే ప్రాసెసర్ వేడి అడ్డం వస్తుంది.

వేడి దగ్గరికి వచ్చేసరికి, విదేశీ సమీక్షల్లోని ఉష్ణోగ్రతల పట్టికలను నెల్లూరు, ఒంగోలు పాఠకులు ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోకూడదు. ఆ పరీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే గదుల్లో జరుగుతాయి. గాలి కూలరైనా, లిక్విడ్ కూలరైనా గది గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పైనుంచే మొదలుపెడుతుంది. మే నెలలో బయట 40 దాటడం మనకు మామూలు. పై అంతస్తులో, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 37, 38 డిగ్రీలుంటే, అక్కడ 75 డిగ్రీలు చూపిన అమరిక ఇక్కడ 90కి చేరుతుంది. 5800ఎక్స్ గరిష్ఠ ఉష్ణోగ్రత పరిమితి సరిగ్గా 90 డిగ్రీలు. ఇక మిగులు ఎక్కడిది?

అందుకే అన్ని కోర్లకూ ఒకే వేగం, ఒకే వోల్టేజీ బిగించే పాతకాలపు పద్ధతి ఈ చిన్న క్యాబినెట్లలో, ఈ వాతావరణంలో పనికిరాదన్నది నా నిశ్చితాభిప్రాయం. రైజెన్ 5000 ప్రాసెసర్లు చల్లదనాన్ని బట్టి తమంతట తామే వేగం పెంచుకుంటాయి. వాటికి వోల్టేజీ తగ్గించి వేడి తగ్గిస్తే వేగం దానంతట అదే వస్తుంది. కర్వ్ ఆప్టిమైజర్ అనే అమరిక చేసేది ఇదే. ఒక్కొక్క కోరుకు మైనస్ 30 వరకు ఇవ్వవచ్చు, కాని అన్నింటికీ ఒకేసారి మైనస్ 30 ఇచ్చి, సినీబెంచ్ పరీక్ష నడిచింది కదా అని సంతృప్తి పడకూడదు. ఎక్కువ వేగం అందుకునే మేలైన కోర్లే తక్కువ తగ్గింపును భరిస్తాయి. పైగా అతిగా తగ్గించిన యంత్రం బరువైన పనిలో నిక్షేపంగా నడిచి, డెస్క్‌టాప్ మీద ఏమీ చేయకుండా ఉన్నప్పుడు హఠాత్తుగా రీస్టార్ట్ అవుతుంది. కరెంటు పోయిందేమో అనుకుని ఇన్వర్టర్‌ను తిట్టుకునేవారూ ఉంటారు. కోర్‌సైక్లర్ వంటి ప్రోగ్రామును రాత్రంతా వదిలి, కోరు తరవాత కోరుగా పరీక్షించడమే సరైన దారి. అంత ఓపిక లేనివారు పేరుకు 105 వాట్లదైన ప్రాసెసర్‌ను 65 వాట్ల ఎకో మోడ్‌లో పెట్టుకోవచ్చు. ప్రాసెసర్ మొత్తం వినియోగం 88 వాట్లకు పరిమితమవుతుంది. ఆటల్లో తేడా తెలియడం కష్టం, గదిలో వేడి తేడా మాత్రం తెలుస్తుంది.

బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్ విషయంలో ఒక చిన్న చికాకు చెప్పక తప్పదు. ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకునే పరిమితులను మార్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అమరికలు ట్వీకర్ పేజీలోని ప్రాసెసర్ మెనూలో ఒకచోట, సెట్టింగ్స్‌లోని ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూలో మరొకచోట ఉంటాయి. రెండుచోట్లా చేతులు పెట్టకుండా, ఏఎండీ మెనూలో ఒక్కచోటే మార్పులన్నీ చేసుకుంటే ఏది ఎక్కడ మార్చామో గుర్తుంటుంది. ఫ్యాన్ల అమరిక మాత్రం చక్కగా ఉంది: ఎఫ్6 నొక్కితే గ్రాఫు వస్తుంది, ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చుక్కలు జరిపి నిర్ణయించుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయమైన మెమరీకి వద్దాం. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావరకు ప్రతి చానెల్ (ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య దారి) మీద రెండు స్లాట్లు ఒకే తీగ వెంట వరుసగా ఉంటాయి. మనం రెండు ర్యాములే పెట్టినప్పుడు ఖాళీగా మిగిలిన స్లాట్లు ఊరికే ఉండవు. వాటి వరకు వెళ్లే రాగి గీతల్లోకి కూడా సంకేతం కొంత ప్రవహించి, చివరన దారి లేక వెనక్కి తిరుగుతుంది. తూము మూసిన పిల్లకాలువలోకి చేరిన నీరు వెనక్కి తన్ని పెద్దకాలువలో సుడులు లేపినట్లే ఉంటుంది ఆ వ్యవహారం. తక్కువ వేగంలో ఇది లెక్కలోకి రాదు, వేగం పెరిగేకొద్దీ సంకేతం మసకబారుతుంది. ఈ బోర్డులో చానెల్‌కు ఒక్కటే స్లాటు కావడంతో ఖాళీ కొసలు లేవు, ప్రాసెసర్ నుంచి ర్యాముకు దూరం కూడా తక్కువ. మెమరీ రికార్డుల కోసమే తయారుచేసే ఖరీదైన పెద్ద బోర్డుల్లో కూడా రెండే స్లాట్లు పెట్టడం వెనుక ఉన్న కారణం ఇదే. ఆ సౌకర్యం ఇక్కడ పరిమాణం చిన్నదవడం వల్ల అనుకోకుండా కలిసివచ్చింది.

అలాగని స్పెసిఫికేషన్ పట్టికలో కనిపించే, 5000 దాటిన మెమరీ వేగపు అంకె చూసి మురిసిపోయి కొనకూడదు. రైజెన్ 5000 ప్రాసెసర్లలో మెమరీ వేగానికి, లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగానికి లంకె ఉంది. 3600 మెమరీకి ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్, 3800కు 1900 మెగాహెర్ట్జ్, ఇలా రెండూ జతగా నడిచినంతవరకే లాభం. చాలా ప్రాసెసర్లు 1800 అందుకుంటాయి, కొన్ని మాత్రమే 1900ను నమ్మకంగా నడుపుతాయి, ఆపైన అదృష్టమే. జత తప్పితే మెమరీ కంట్రోలర్ సగం వేగానికి దిగి, జాప్యం పెరిగి, కాగితం మీది పెద్ద అంకె ఆటలో చిన్న ఫలితంగా మారుతుంది. 1900 వద్ద యంత్రం ఆగిపోకుండా నడుస్తున్నంత మాత్రాన నమ్మరాదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, డబ్ల్యూహెచ్‌ఈఏ 19 అనే హెచ్చరికలు వరుసగా పడుతున్నాయేమో చూడాలి. పడుతుంటే ఫ్యాబ్రిక్ తప్పులు చేస్తూ దిద్దుకుంటూ నడుస్తున్నదని అర్థం. అప్పుడు 1800కు దిగి, టైమింగులు బిగించుకోవడమే మర్యాద.

టైమింగుల గురించి ఒక లెక్క ప్రతి కొనుగోలుదారుకూ పనికివస్తుంది. ర్యాము పేరులో కనిపించే సీఎల్ (కాస్ లేటెన్సీ) అంకెను 2000తో గుణించి మెమరీ వేగంతో భాగిస్తే మొదటి జాప్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16కు అది 10. 3600 సీఎల్18కు కూడా సరిగ్గా 10. అంటే దుకాణంలో పెద్ద అంకె చూపించి అమ్మే రెండో కిట్‌లో జాప్యం ఏమీ తగ్గలేదు. దొరికేది ఎక్కువ బ్యాండ్‌విడ్త్, ఫ్యాబ్రిక్ 1800కు చేరడం మాత్రమే. 3600 సీఎల్16 అయితే 8.9 దాకా, 3800 సీఎల్16 అయితే 8.4 దాకా వస్తుంది. ర్యాములో శామ్‌సంగ్ బీ డై చిప్పులుంటే ఇంకా కిందికి వెళ్లవచ్చు, మైక్రాన్ ‘ఈ’ డై రకమైతే వేగం బాగా ఎక్కుతుంది కాని కొన్ని టైమింగులు బిగుసుకోవు. ఏ చిప్పులున్నాయో పెట్టె మీద రాయరు. టైఫూన్ బర్నర్ వంటి ప్రోగ్రాముతో పెట్టిన తరవాతే తెలుస్తుంది. రెండే స్లాట్లున్నాయి కనుక మరో మాట: 8 జీబీ ర్యాములు రెండు కొని, తరవాత మరో రెండు కలుపుకుందామనే మనవాళ్ల అలవాటు ఇక్కడ చెల్లదు. ఆరంభంలోనే 16 జీబీవి రెండు తీసుకోవాలి, అవి డ్యుయల్ ర్యాంకువైతే (చిప్పులు రెండు జట్లుగా ఉన్నవైతే) రైజెన్‌కు మరీ మంచిది.

ఓవర్‌క్లాకింగ్ గురించి రాసేవారు సాధారణంగా వదిలేసే విషయం కాలాన్ని బట్టి మారే స్థిరత్వం. మెమరీ కణాల్లో నిలిచే విద్యుదావేశం వేడి పెరిగేకొద్దీ త్వరగా కారిపోతుంది, అందుకే ఆ ఆవేశాన్ని మళ్లీ నింపే పనికి ఇచ్చే వ్యవధి అయిన టీఆర్‌ఎఫ్‌సీని బాగా బిగించిన ర్యాము, ముఖ్యంగా బీ డై, 50 డిగ్రీల చుట్టుపక్కలకు చేరేసరికి తప్పులు మొదలుపెడుతుంది. చిన్న క్యాబినెట్‌లో ర్యాముకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య దూరం నాలుగు వేళ్లు ఉంటే గొప్ప. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున టెస్ట్‌మెమ్5 అనే మెమరీ పరీక్ష ఒక్క తప్పు కూడా చూపకుండా పూర్తయిన అమరిక, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అదీ గ్రాఫిక్స్ కార్డు పూర్తి బరువుతో నడుస్తుండగా, నిలుస్తుందన్న భరోసా లేదు. టెస్ట్‌మెమ్5 కిటికీలో మొదటి అరగంట సున్నా కనబడుతూ, ర్యాము వేడెక్కిన తరవాత ఒకటి, ఆ వెంటనే మూడు అని అంకె కదలడం మొదలైతే, అది వోల్టేజీ చాలక కాదు, వేడి వల్ల అని అనుమానించాలి. చాలామంది అప్పుడు వోల్టేజీ పెంచుతారు, దాంతో ర్యాము మరింత వేడెక్కి తప్పులు రెట్టింపవుతాయి. టీఆర్‌ఎఫ్‌సీని కొంచెం వదులు చేయడం, లేదా ర్యాము మీదికి గాలి తగిలేలా ఒక ఫ్యాను తిప్పడం దానికి మందు. మెమరీ పరీక్షను గ్రాఫిక్స్ కార్డు పరీక్షతో కలిపి, వేసవి మధ్యాహ్నం, ఏసీ వేయకుండా నడపాలి. అందులో నెగ్గినది ఏడాది పొడవునా నిలుస్తుంది.

ఇంత శ్రమా అక్కరలేని ప్రాసెసర్ కూడా ఈ సాకెట్‌లో ఉంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ, ఆ తరవాతి 5700ఎక్స్3డీ రెండింటిలోనూ 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉంటుంది. మెమరీ వేగం మీద వాటి ఆధారం తక్కువ, కోర్ల వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ కూడా పెంచనివ్వవు. ఆటలే లక్ష్యమైతే వాటిలో ఒకటి బిగించి, 3200 మెమరీతో సరిపెట్టుకుని, నిశ్చింతగా ఉండవచ్చు. అయితే అప్పుడు ఈ బోర్డులోని ప్రత్యేకతకు డబ్బు పెట్టి దాన్ని వాడుకోనట్టే. వాటికి ఇంతకంటే చవకైన మైక్రో ఏటీఎక్స్ బోర్డు చాలు, చిన్న క్యాబినెట్ మీద మోజుంటే తప్ప.

బిగింపులో కొన్ని జాగ్రత్తలు అవసరం. వెనుకవైపు ఎం.2కు క్యాబినెట్ గోడకూ మధ్య గాలి ఆడదు కనుక, విండోస్ ఉండే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీని ముందువైపు హీట్‌సింక్ కింద పెట్టి, ఆటలు, ఫైళ్లు ఉండేదాన్ని వెనక్కి పంపాలి. అదీ బోర్డును క్యాబినెట్‌లో కూర్చోబెట్టక ముందే, లేకపోతే మొత్తం విప్పుకోవలసి వస్తుంది. ఫ్యాన్ హెడర్లు మూడే ఉన్నాయి. లిక్విడ్ కూలర్ పంపు ఒకటి తీసుకుంటే మిగిలినవి రెండు, కనుక చీలిక తీగలు ముందే కొనుక్కోవాలి. ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల తీగను కూలర్ పెట్టకముందే గుచ్చుకోవడం మంచిది; పెద్ద కూలర్ కూర్చున్న తరవాత ఆ మూలలోకి వేళ్లు దూరవు. గ్రాఫిక్స్ కార్డును బోర్డు వెనక్కి మడిచి పెట్టే శాండ్‌విచ్ క్యాబినెట్ వాడేవారికి మరో ఇబ్బంది ఎదురవుతుంది. వాటితో వచ్చే, కార్డును బోర్డుకు కలిపే రైజర్ తీగ పాతదైతే పీసీఐఈ 3.0 వరకే తట్టుకుంటుంది, బోర్డేమో 4.0తో మాట్లాడబోతుంది, తెర నల్లగా ఉండిపోతుంది లేదా ఆట మధ్యలో ఆగిపోతుంది. ముందు కార్డును నేరుగా స్లాటులో పెట్టి, బయోస్‌లో స్లాటు వేగాన్ని జెన్3 (పీసీఐఈ 3.0)కి మార్చి, ఆ తరవాతే రైజర్ బిగించాలి.

బోర్డు వెనుక పలకపై ఉన్న క్యూ ఫ్లాష్ ప్లస్ మీట మన జిల్లావాళ్లకు నిజంగా విలువైనది. పాత బయోస్‌తో వచ్చిన బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోతే, పాత ప్రాసెసర్ ఎవరి దగ్గరుందా అని ఊరంతా వెతకనక్కరలేదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైలును గిగాబైట్.బిన్ అనే పేరుతో, ఇంగ్లీషు అక్షరాల్లో, పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, మీట నొక్కితే ప్రాసెసర్, ర్యాము ఏవీ లేకుండానే బయోస్ మారుతుంది. ఎస్‌ఎంపీఎస్ తీగలు మాత్రం పెట్టి ఉండాలి, లైటు మెరవడం ఆగేదాకా కరెంటు పోకూడదు. కోతల వేళ ఈ పనికి యూపీఎస్ తప్పనిసరి. దాని అవుట్‌పుట్ ప్యూర్ సైన్ వేవ్ అయితేనే మేలు. చవకైన యూపీఎస్‌లు ఇచ్చే చదరపు తరంగం ఆధునిక ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నింటికి పడదు.

కొత్తవి దొరకడం తగ్గుతున్నందున చాలామంది వాడిన బోర్డు కోసం చూస్తారు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్‌కు ఉండవు కనుక బోర్డు వైపు వంగిన పిన్నుల భయం లేదు. దాని బదులు ర్యామ్ స్లాట్ల బంగారు రంగు కాంటాక్టులు, వెనుక పోర్టుల లోహపు అంచులు, స్క్రూ రంధ్రాల చుట్టూ ఉన్న వలయాలు టార్చిలైటుతో చూడాలి. కావలి నుంచి తడ వరకు సముద్రపు గాలికి దగ్గరున్న ఇళ్లలో వాడిన బోర్డుల మీద పచ్చని, తెల్లని చిలుము కనిపించే అవకాశం ఎక్కువ. కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయాలి. రెండు స్లాట్లలోనూ ర్యాము పెట్టించి, బయోస్‌లో రెండు చానెళ్లూ కనబడుతున్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే ఒక స్లాటు పోయిన బోర్డులో మనం డబ్బు పెట్టే కారణమే పోతుంది. కూలర్ విప్పేవారు పైకి గుంజకుండా, యంత్రాన్ని కాసేపు నడిపి పేస్టు మెత్తబడ్డాక, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. లేకపోతే ఎండిన పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివస్తుంది, వంగేవి దాని పిన్నులే. రైజెన్ 3 3200జీ, రైజెన్ 5 3400జీ ఉన్నవారు ఈ బోర్డుకు మారాలనుకుంటే ఆగాలి: పేర్లు 3000 వరుసవే అయినా అవి పాత తరానివి, బీ550లో వాటికి అధికారిక మద్దతు లేదు.